మా బావ వంట షిఫ్టు

మా బావ పరశురాములు ఇరవై ఏడేళ్ళు సాంచాలు నడిపాడు. సాంచాలంటే మరమగ్గాలు. సిరిసిల్లలో ఆ మాట తప్ప ఇంకో మాట వినపడదు. ఎనిమిది సాంచాల మధ్య పన్నెండు గంటలు అటూ ఇటూ నడుస్తూ, తెగిన పోగులు అతికిస్తూ ఉండాలి. ఆ పనిలో ఆయనకు వంక పెట్టినవాడు లేడు. ఇంటి పనిలో వంక పెట్టే అవకాశమే లేదు, ఎందుకంటే ఏదీ చేసేవాడు కాదు. మంచినీళ్ళ కోసం తప్ప ఆయన వంటింట్లో అడుగు పెట్టగా నేను చూడలేదు. మెంతికూరకూ కొత్తిమీరకూ తేడా ఏమిటని అడిగితే, రెండూ పచ్చగానే ఉన్నాయి కదా అనేవాడు. నేను ఆయన భార్యకు చెల్లెల్ని. పేరు హేమలత. వాళ్ళకు రెండిళ్ళ అవతల ఉంటాను, బీడీలు చుడతాను. మరదల్ని కాబట్టి ఆయన్ని ఎంత మాటైనా అనే హక్కు నాకుంది. అంటాను కూడా.

పోయిన ఎండాకాలం ఆర్డర్లు లేక ఆయన పనిచేసే కార్ఖానా ఆగిపోయింది. సాంచాల యజమాని రాజనర్సు, నూలు వచ్చినప్పుడు కబురు పెడతానని అందరినీ ఇళ్ళకు పంపేశాడు. మా అక్క రాజమణి అప్పటికి రెండేళ్ళుగా ఊరి బయట బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేస్తోంది. ఇల్లు ఆమె జీతం మీద పడింది. ఆ తర్వాత వచ్చిన వానాకాలంలోనే ఆమెను ఒక లైనుకు ఇంచార్జిగా పెడతామన్నారు. ముప్పై మిషన్లు, ముప్పై మంది ఆడవాళ్ళు, వాళ్ళందరి పని చూసేది ఏడో తరగతి చదివిన మా అక్క. నాకు ఆ రోజు భూమ్మీద కాలు నిలవలేదు. కాకపోతే ముందు నెల రోజులు చూస్తామన్నారు. ఎనిమిదింబావుకల్లా గేటు లోపల ఉండాలి. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

మొదటి వారంలోనే రెండుసార్లు ఆలస్యమైంది. కాదా మరి? నాలుగింటికి లేచి అన్నం, కూర వండాలి. అత్త దుర్గవ్వకు పళ్ళు లేవు, ఆమెకు మెత్తగా వేరే చేసి, తినిపించి, షుగరు గోళీ వెయ్యాలి. ఆరున్నరకు నల్లా వస్తుంది, అది పోయేలోపు డ్రమ్ములు నింపాలి. బిడ్డ శ్రీలత కాలేజీ బస్సు ఏడున్నరకు, దానికి డబ్బా. తనకు డబ్బా. ఇంట్లో ఏ కూరగాయ ఉందో, ఏది లేదో పొద్దున లేచి బుట్టలో చెయ్యి పెడితే గాని తెలియదు. టమాటాలు లేవని నా దగ్గరికి పరుగు, ఎల్లిపాయ లేదని దుకాణానికి పరుగు. ఇంత జరుగుతుంటే బావ వాకిట్లో కుర్చీ వేసుకుని చాయ్ తాగుతూ ఉండేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

రెండోసారి ఆలస్యమైన రోజు సాయంత్రం పోయి ఆ కుర్చీ ముందు నిలబడ్డాను.

"బావా, ఇంకొక్కపారి లేటైతే అక్క పని పోతది. సమజైతున్నదా నీకు?"

"అయితున్నది" అన్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "రేపటి సంది వంట నేను చేస్త. మార్కెట్టుకు గూడ నేనే పోత."

మంచం మీద ఉన్న దుర్గవ్వ దిగ్గున లేచి కూర్చుంది. "ఏందిరా? మొగోనివి పొయ్యి ముందట నిలవడుతవా? గల్లీల నలుగురు నవ్వరా?"

"నవ్వితె నవ్వనియ్యే అవ్వా. ఖాళీగ కూసున్నా నవ్వుతనే ఉన్నరు" అన్నాడు బావ.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఆ ఆదివారం మధ్యాహ్నం రెండింటికే సంచి పట్టుకుని బయలుదేరాడు. తిరిగి వచ్చేసరికి పొద్దుగూకింది. ఆటోలోంచి ఒక గోనె సంచి దించాడు. విప్పి చూస్తే అన్నీ బీరకాయలే, పద్దెనిమిది కిలోలు. మార్కెట్టు ఎత్తేసే వేళకు ఒక రైతు, సంచి మొత్తం తీసుకుంటే సగం ధరకు ఇస్తానన్నాడట.

"అగ్గువకు అచ్చింది. వారానికి ఫికర్ లేదు" అన్నాడు గర్వంగా.

"వారమంత బీరకాయనేనా?" అన్నాను.

"మరేంది? సాంచె మీద బీము ఎక్కిస్తే గది ఒడిసేదాక ఒక్కటే డిజైను. నడుమల మారిస్తే టైం ఖరాబు, మాలు ఖరాబు."

బీమంటే పడుగు నూలు చుట్టి ఉన్న పెద్ద కడ్డీ. అది ఒకసారి ఎక్కించారంటే రోజుల తరబడి అదే బట్ట వస్తూ ఉంటుంది. వంట కూడా అట్లాగే నడుస్తుందనుకోవడం మా ఊరి మగవాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన. ఆయన మనసులో అది పొదుపు కూడా. ఒకటే సరుకు, ఒకటే బేరం, పొద్దున లేచి ఏం వండాలా అని ఆలోచించే పని లేదు.

సోమవారం బీరకాయ కూర. మంగళవారం బీరకాయ పప్పు. బుధవారం బీరకాయ తొక్కు. గురువారం మళ్ళీ కూర, ఈసారి అడుగంటింది. సంచి అడుగున ఉన్నవి మెత్తబడి వాసన మొదలైంది. శ్రీలత డబ్బా ఇంట్లోనే వదిలేసి పోయింది. దుర్గవ్వ కర్ర పట్టుకుని మా ఇంటికొచ్చి, "పిల్లా, ఇంత పచ్చిపులుసు పొయ్యవే, నీకు పుణ్యముంటది" అని కూర్చుంది. మా అక్క మాత్రం మారు మాట్లాడకుండా తిన్నది. ఏమన్నా అంటే ఆ చేసేది కూడా మానేస్తాడని దాని భయం.

శుక్రవారం, పిల్ల ఆకలితో పోతోందని అక్క మనసు ఆగలేదు. నాలుగింటికి లేచి మా ఇంట్లోని వంకాయలు తీసుకుపోయి తనే వండింది. ఆటో తప్పిపోయింది. ఇంకో ఆటో దొరికి గేటు దాటేసరికి ఎనిమిదీ పద్నాలుగు. ఒక్క నిమిషం తేడాతో బతికిపోయింది. సాయంత్రం వచ్చి ఆ సంగతి నాకు చెప్పింది.

మిగిలిన బీరకాయలు పక్కింటి బర్రెకు వేశాం. రెండో రోజుకు అదీ మొహం తిప్పుకుంది.

"బావా" అన్నాను, "గది బట్ట, గిది నోరు. బట్టకు ఇసుగు రాదు, నోటికి అస్తది. నువ్వు చేసిన పనికి అక్క నౌకరి పోయేదుండె."

కోప్పడతాడనుకున్నాను. ఆయన, "తప్పయింది. ఎట్ల చెయ్యాల్నో నువ్వు చెప్పు" అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం నేను ఎన్నడూ వినలేదు. కాని చెప్పడానికి నాకు మాత్రం ఏం తెలుసు? మా ఇంట్లోనూ ఏ పూట వంట ఆ పూటదే.

అందుకని ఆదివారం ఆయన్ని నర్సక్క దగ్గరికి తీసుకుపోయాను. ఎల్లంతకుంట నుంచి ఆకుకూరలు తెచ్చి మార్కెట్టు మొదట్లోనే కూర్చునే మనిషి. విషయం విని ఆమె కట్టలు కట్టడం ఆపలేదు.

"ఏది జల్ది ఖరాబైతదో గదే ముందుగాల తినాలె నాయినా. ఐతారం కొన్న ఆకుకూర సోమారం దాటనియ్యకు. మంగళారం, బుధారం టమాట, వంకాయ. బేస్తారం సోరకాయనో ఆలుగడ్డనో. శుక్కురారం, శనారం పప్పులు, గుడ్లు, అయి యాడికీ పోవు. గింతదానికి మరదలిని ఎంబడేసుకొని అచ్చినవా?"

బావ నవ్వలేదు. ఇంకోసారి చెప్పమని అడిగి, జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు. ఇంటికొచ్చి పాత క్యాలెండరు వెనక ఏడు గీతలు గీశాడు. ఒకసారి వరస తెలిస్తే చాలు, మా బావ ఆ వరస తప్పడు. మార్కెట్టులో మొదటి చుట్టు ధరలు అడగడానికే, రెండో చుట్టులో కొనడం. వంకాయ ప్రియమైతే దాని చోట దొండకాయ, దొండకాయ కూడా ప్రియమైతే గోకరకాయ. ఏదైనా సరే రెండు పూటలకు మించి కొనడు. ఆకుకూరలు తడి గుడ్డలో చుట్టి ఉంచేవాడు. రేపటి కూరగాయలు సాయంత్రమే కోసి పెట్టుకునేవాడు. కారం వెయ్యకముందే రెండు గరిటెలు తీసి తల్లికి మెత్తగా మెదిపేవాడు. శనివారం బియ్యప్పిండిలో మిగిలిన ఆకులు, ఉల్లిగడ్డలు వేసి సర్వపిండి కాల్చేవాడు. మొదట్లో రెండుసార్లు అన్నం మాడింది, ఒకసారి పప్పుచారులో ఉప్పు రెండుసార్లు వేశాడు. అది తప్ప చెప్పుకోవాల్సిన తప్పులేవీ లేవు. నాకు తిట్టే పని తగ్గిపోయింది.

ఐదింటికి లేచేవాడు. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో నల్లా పైపు. ఏడున్నరకు రెండు డబ్బాలు గడప మీద ఉండేవి. మా అక్క పొద్దున కూర్చుని చాయ్ తాగడం నేను ఆ నెలలోనే చూశాను. మెడలో కార్డు వేసుకుని, ఆటో హారను కొట్టకముందే గల్లీ మొదట్లో నిలబడేది. మూడోసారి ఆలస్యమన్నది రాలేదు.

నెల నిండడానికి ఇంకా రెండు రోజులుందనగా, గురువారం సాయంత్రం, రాజనర్సు కబురు పంపాడు. నూలొచ్చింది, సోమవారం నుంచి సాంచాలు నడుస్తాయి, పగటి షిఫ్టు, పొద్దున ఏడింటి నుంచి రాత్రి ఏడింటి దాకా. దుర్గవ్వ గల్లీలో కనపడిన వాళ్ళందరికీ చక్కెర పెట్టింది. బావ మొహం వెలిగిపోయింది. అబద్ధమెందుకు, ఆయన వంట చేస్తున్నాడు గాని ప్రాణమంతా ఆ సాంచాల దగ్గరే ఉంది.

నేను పోయేసరికి అక్క డబ్బా తోముతోంది.

"శనారం పోయి ఇంచార్జి పని వద్దని చెప్తనే" అంది నా వైపు చూడకుండా.

"ఎందుకే?"

"ఆయన ఆరున్నరకే ఎల్లిపోవాలె. నల్లా, అవ్వ, వంట ఎవరు చూస్తరు? మిషను మీదైతే అద్దగంట లేటైనా గా అద్దగంట పైసలు కోస్తరు, గంతే."

"బావను నాలుగింటికి లేపు."

"పన్నెండు గంటలు నిలవడి అచ్చేటాయనను నాలుగింటికి లేపుదునా? నా మనసొప్పదు."

నాకు ఒళ్ళు మండింది. దాని మీద, బావ మీద, ఆ నూలు మీద, అన్నిటి మీద. ఏదో ఒకటి అనాలని వాకిట్లోకి వచ్చాను. బావ అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాడు, మా మాటలు విన్నాడని మొహం చూస్తే తెలుస్తోంది. వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను.

మర్నాడు, శుక్రవారం సాయంత్రం మహిపాల్ మా ఇంటికి వచ్చాడు. అతనిది మేడిపల్లి. పెళ్ళాం పిల్లలు అక్కడే, ఇతను మా వెనక గదిలో కిరాయికి ఉండి, బావ కార్ఖానాలోనే రాత్రి షిఫ్టు చేస్తాడు. ఒకరి షిఫ్టు అయిపోగానే ఇంకొకరు వచ్చి సాంచాల దగ్గర నిలబడాలి. రాత్రి మహిపాల్ నడిపిన సాంచాలే పగలు బావవి.

"అక్కా, ఇయ్యాల కార్ఖానాల ఏం జరిగిందో ఎరుకేనా?" అన్నాడు. బీములు ఎక్కించడానికి పది మంది పనివాళ్ళు పోగయ్యారట. వాళ్ళందరి ముందు బావ రాజనర్సుతో, "అన్నా, నేను ఏడింటికి కాదు, ఎనిమిదింటికి అస్త" అన్నాడట. ఎందుకని అడిగితే, "మా ఇంటామె ఏడున్నరకు డ్యూటీకి పోతది. వంట చేసి, డబ్బా కట్టి అస్త" అన్నాడట.

"అందరు ఒక్కటే నవ్వుడు" అన్నాడు మహిపాల్. "పరశురాములన్న సోమారం సంది చీరె కట్టుకొని అస్తడని ఒకడన్నడు. ఆసామి రాజనర్సు గూడ నవ్విండు. సాంచాలు ఎవని కోసం ఆగయి, గా గంట ఎవడన్న నడుపుతనంటే నాకేం లేదన్నడు. అన్న నా దిక్కు చూసిండు. గంట నువ్వు నడుపు మహిపాలూ, రోజు పొద్దుగాల నీకు డబ్బా నేను తెస్త అన్నడు. నేను పైసలడుగుదామనుకున్న అక్కా. డబ్బా అనంగనే నోరు రాలే. హోటలు బువ్వ తిని తిని కడుపు చెడింది నాకు. సరే అన్న."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. అక్క అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చి సంచి దించుతోంది. విన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. అది కదలకుండా విని, వంటింటి గడప దాకా పోయింది. లోపల బావ చాటలో పెసరపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాడు.

"కార్ఖానాల గట్లనే అన్నవా?" అంది.

"అన్న."

"నవ్విన్రా?"

"నవ్విన్రు."

"సిగ్గు కాలేదా నీకు?"

"అయింది" అన్నాడు బావ చాటలోంచి తల ఎత్తకుండా. "చానా అయింది. గని రాజమణీ, ఇరవై ఏడేండ్లు నువ్వు డబ్బా కడితె నేను పనికి పోయిన. నెల రోజులు కడితెనే ఎంత పనో నాకు ఎరుకైంది. రేపు పోయి వద్దని చెప్పకు."

మా అక్క గడప మీద కూలబడి ఏడ్చింది. పెళ్ళినాడు కూడా అంత గట్టిగా ఏడవలేదు. దాన్ని చూసి నాకూ ఏడుపు ఆగలేదు. దుర్గవ్వ మంచం మీద కూర్చుని అంతా విన్నది. కార్ఖానాలో పరువు తీశావని కొడుకును ఎక్కడ దులిపేస్తుందోనని నేను ఆమె వైపు చూశాను. నెలంతా కొడుకు వండినదే తిన్నా, రేపు ఏం కూర అని మాత్రం ఆమె కోడలినే అడిగేది.

"పరశురాములూ" అని పిలిచింది. "రేపేం కూరరా?"

"పెసరపప్పే అవ్వా" అన్నాడు బావ. "నీకు మెత్తగ తీసిపెడ్త."