రెండు చెవులకూ పెట్టుకోవాలండీ

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకు పాసింజరులో గంట పైచిలుకు దారి. అంతసేపూ మనసు పుస్తకం మీద నిలపడం అంత తేలికేమీ కాదు. తలుపు దగ్గర కొల్లేటి చేపల తట్టలు, నడవలో పల్లీలవాళ్లు, భీమడోలులో ద్వారకా తిరుమల నుంచి వచ్చే నున్నటి గుండ్లు. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి రోజూ ఆ బండిలోనే వెళ్లేవాణ్ణి.

ఎదుటి సీట్లో కూర్చునే అమ్మాయిదీ అదే కోచింగ్. వాళ్ల నాన్నగారు గణపవరం దగ్గర మిషన్ బడిలో హెడ్మాస్టరు. ఈసారి ఉద్యోగం రాకపోతే అదే బళ్లో టీచరుగా చేరాలని ఇంట్లో తేల్చేశారట.

"ఆయన ఇంట్లోనూ హెడ్మాస్టరేనండీ. బళ్లో కూడానంటే నా వల్ల కాదు" అనేది.

ఆ రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక వెబ్‌సైటు చూస్తుంటే నాకు బైనారల్ బీట్స్ అనేవి తగిలాయి. ఒక చెవిలోకి ఒక మోత, రెండో చెవిలోకి కాస్త తేడాగా ఇంకో మోత పంపిస్తే, ఆ తేడాని మెదడు తనే మూడో మోతగా తయారుచేసుకుంటుందట. దాన్ని బట్టి ఏకాగ్రతో, విశ్రాంతో కలుగుతుందట. నా మెదడు తనంతట తాను ఏదైనా తయారుచేయగలదని అప్పటిదాకా ఎవరూ అనలేదు. వెంటనే ఎంపీత్రీ ప్లేయర్‌లోకి ఎక్కించుకున్నాను.

"ఏం వింటున్నారండీ?"

"ఏకాగ్రతండీ."

"అది వినపడుతుందేంటండీ!"

ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను. వైరు పొట్టిది కావడంతో నా పక్క సీటుకి మారింది.

"చేపల చెరువు మోటారులా ఉందండీ" అంది. తీసి ఇవ్వలేదు మాత్రం.

అప్పటినుంచి రోజూ చెరొక చెవికి పెట్టుకుని లెక్కలు చేశాం. ఖాళీగా ఉన్న చెవులు కబుర్లకి పనికొచ్చాయి. నా జన్మలో అంత ఏకాగ్రత ఇంకెప్పుడూ కుదరలేదు. దేనిమీద అన్నది వేరే సంగతి.

పరీక్షకి కొన్నాళ్ల ముందు ఆ వెబ్‌సైటుని కిందిదాకా చదివాను. రెండు చెవులకూ పెట్టుకోకపోతే పనిచేయదని రాసి ఉంది. అంటే ఇన్నాళ్లూ మేము విన్నది చెరో ఉత్త మోత. చెప్పకుండా ఊరుకోవచ్చు. కానీ ఆ అమ్మాయికిదే ఆఖరి ప్రయత్నం. నా పక్క సీటు కోసం ఆమె ఉద్యోగం పోతే ఎలా? పైగా తెలిసిన సంగతి ఎదుటివాళ్లకి చెప్పకపోతే నాకు అరగదు.

చెప్పాను.

"అయ్యో, అలాగాండీ!" అంది. మర్నాడు వాళ్ల అన్నయ్య ప్లేయర్ తెచ్చుకుంది. ఆ మోతలన్నీ అందులోకి నేనే దగ్గరుండి ఎక్కించిపెట్టాను. వైరుతో అవసరం తీరింది గనక ఎదుటి సీటుకి వెళ్లిపోయింది. ఇద్దరం నాలుగు చెవులూ మూసుకుని శాస్త్రోక్తంగా చదువుకున్నాం.

ఆమెకి ఉద్యోగం వచ్చింది, నాకు రాలేదు. ఇద్దరం విన్న మోత ఒకటే.

పోస్టింగ్ అనంతపురం వైపు. కోచింగ్‌లో స్వీట్లు పంచడానికి ఆఖరిసారి ఏలూరు వచ్చి, తిరుగు బండిలో నా పక్కన కూర్చుంది. ఎదుటి సీటు ఖాళీగానే ఉంది. అది గమనించాను. గమనించి అక్కడితో ఆగిపోయాను.

పూళ్ళ దాటాక తన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా వైపు చాపింది.

"పాత మోతేనండీ. వింటారా?"

"ఒక చెవికైతే పనిచేయదండీ" అన్నాను.

"తెలుసండీ. మీరేగా చెప్పింది" అని దాన్ని తన చెవికే పెట్టుకుంది.

అప్పుడర్థమైంది. అర్థమయ్యేసరికి ఆమె కళ్లు మూసుకుంది. చేబ్రోలు వచ్చింది, బాదంపూడి వచ్చింది. ఒక్కసారి భుజం తట్టి పిలిస్తే సరిపోయేది. విశ్రాంతిలో ఉన్నవాళ్లని కదపకూడదని కూడా ఆ వెబ్‌సైటులోనే చదివి ఉన్నాను.

గూడెం ప్లాట్‌ఫారం మీద హెడ్మాస్టరుగారు నిలబడి ఉన్నారు. "నాన్నగారూ, నాకు చదువులో సాయం చేసింది వీరే" అని చూపించింది.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "మీలాంటి పద్ధతైన కుర్రాళ్లు అరుదు బాబూ" అన్నారు.

కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.