కొబ్బరికాయ కొట్టని రికార్డులు

మా అత్తయ్య మెంతికూర మడి మీద వేలాడదీసిన సీడీల్లో ఒకదాని మీద మా పెరటి గదిలో ఉండే పెద్దాయన మొహం ఉందని మాకు చాలా రోజుల దాకా తెలియదు.

ఈ కివీల దేశంలో, మౌంట్ రాస్కిల్ అనే పేటలో మేం అద్దెకున్న ఇంటికి వెనక పెద్ద పెరడు, పెరట్లో ఓ మూల చిన్న గది. ఇక్కడ దాన్ని స్లీపౌట్ అంటారు. అందులో ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. ఇంటి ఓనరు పిసినారితనం వల్ల ఆయనకూ మాకూ బట్టలారేసుకునే దండెం ఒక్కటే. కాబట్టి ఆయన పైజామాలు మాకు బాగా పరిచయం. ఆయన పాటగాడన్న సంగతి మాత్రం తెలియదు.

పిట్టలు మెంతికూర బతకనివ్వడం లేదని అత్తయ్య పాత సామాన్ల కొట్టుకి వెళ్లి, ఎవరూ కొనని సీడీలు ఒక సంచెడు తెచ్చి, దారాలు కట్టి వేలాడదీసింది. ఒకరోజు పొద్దున్నే పెద్దాయన తడి బట్టలు చేత్తో పట్టుకుని ఆ మడి ముందు కదలకుండా నిలబడిపోయాడు.

"దొరగారికి మెంతికూర కావాలేమో, అడగవే" అంది అత్తయ్య వంటింటి కిటికీలోంచి.

నేను వెళ్లి అడిగాను. ఆయన గాలికి తిరుగుతున్న సీడీని పట్టుకుని చూపించాడు. నల్ల గడ్డం, ఊలు కోటు, పక్కన ఓ గొర్రె. "ఇది నేను. గొర్రెని అద్దెకి తెచ్చారు" అన్నాడు. "ఇన్నాళ్లకి నా పాట ఒక పనికొచ్చిందన్నమాట. పిట్టలు నిజంగా పారిపోతున్నాయా?"

అత్తయ్యకి మొహమాటం తెలియదు. "మిగతావాటికి భయపడుతున్నాయి గానీ, దాని మీద మాత్రం వచ్చి వాలుతున్నాయని చెప్పు" అంది. తర్జుమా చేసి చెప్పాను. తన జీవితంలో అంత మంచి సమీక్ష రాలేదని ఆయన ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం మా ఇంట్లో టీ, దాంతోపాటు ఆయన కథ. జానపద పాటల కాలం నడుస్తున్నప్పుడు గడ్డం పెంచి గొర్రెతో నిలబడ్డాడు. డాన్సు పాటల కాలం రాగానే గడ్డం తీసేసి మెరిసే ప్యాంటు వేశాడు. ఆ తర్వాత అమెరికా మొహం చూడకుండానే కౌబాయ్ టోపీ పెట్టుకుని ముక్కుతో పాడాడు. పిల్లల కోసం కూరగాయల మీద ఒక క్యాసెట్, నిద్ర పట్టనివాళ్ల కోసం ఇంకొకటి చేశాడు. పాటలన్నీ సొంతంగా రాసుకున్నవే. గొంతు మాత్రం రికార్డు కంపెనీ ఏది అడిగితే అది. నిద్ర క్యాసెట్టే కాస్త అమ్ముడుపోయిందట. "కొన్నవాళ్లెవరూ చివరి దాకా వినలేదు" అనేవాడు.

"పగటివేషాలన్నమాట" అంది అత్తయ్య తేల్చేస్తూ.

పత్రికలవాళ్లు ఆయన్ని బహుముఖ ప్రజ్ఞాశాలి అని రాశారట. ఏ ముఖమూ అమ్ముడుపోలేదని చెప్పడానికి అది మర్యాదైన మాట అని ఆయనే అనేవాడు. టోపీ వేషంలో ఉన్నప్పుడు ఈ దేశంలోని పబ్బుల్లో పాడటానికి వచ్చాడు. లోవర్ హట్ అనే ఊళ్లో కార్యక్రమం పెట్టినవాడు ఆ రాత్రే మాయమైపోయాడు. మనవాడు ఆ పబ్బులో పనిచేసే ఆవిణ్ణి పెళ్లి చేసుకుని ఉండిపోయాడు. కొన్నేళ్లకి ఆవిడా వెళ్లిపోయింది. టోపీ మాత్రం మిగిలింది.

ఇన్ని రికార్డులు చేసి ఒక్కటీ ఇంట్లో పెట్టుకోలేదు. ఎప్పుడైనా వింటారా అని అడిగితే, "ఎందుకు? వాటిలో ఉన్నవాళ్లెవరూ నాకు తెలియదు" అన్నాడు.

నేను నవ్వాను గానీ ఆ మాట నాకు తగిలింది. కరెంటు కంపెనీలో ఫోన్లెత్తడం నా ఉద్యోగం. బిల్లు ఎక్కువొచ్చిందని అరిచేవాళ్లతో నేను మాట్లాడే కివీ ఇంగ్లీషు వింటే మా అమ్మ రాంగ్ నంబరని పెట్టేస్తుంది. ఇంటికొస్తే కోస్తా తెలుగు. మాది కరీంనగర్ పక్క. పెళ్లయిన కొత్తలో అత్తయ్య నా మాట విని, "అదేం తెలుగే" అని ఒక్కసారి నవ్వింది. అంతే, మరునాటి నుంచి నేను 'అలాగేనండి అత్తయ్యా' అయిపోయాను. నా సొంత భాష వేలు కోసుకున్నప్పుడు మాత్రమే బయటికొచ్చేది. కోటి విద్యలూ కూటికొరకే అంటారు గానీ, కొన్ని విద్యలు కేవలం గొడవ పడే ఓపిక లేక నేర్చుకున్నవి.

చలికాలం మొదట్లో ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. డాక్టర్లు స్వరతంత్రి మీద గడ్డ ఉందన్నారు. సోమవారం ఆపరేషన్. ఆ తర్వాత గొంతు ఎలా ఉంటుందో, అసలు ఉంటుందో లేదో చెప్పలేమన్నారు.

ఆయన నా దగ్గరికొచ్చి ఒకే ఒక సాయం అడిగాడు. కుర్రతనంలో రాసుకున్న పాట ఒకటుంది. వాళ్ల ఊరి వీధి చివర నిలబడి వాళ్లమ్మ అన్నానికి పిలిచే పిలుపు మీద కట్టిన పాట. వాళ్ల ఊరి యాసలోనే ఉంటుంది. ఆ యాస ఎవరికీ అర్థం కాదని కంపెనీవాళ్లు వద్దన్నారు. తర్వాత ఒక్కో వేషంలో ఒక్కోసారి పాడి చూశాడు, ప్రతిసారీ చెడింది. "సోమవారం లోపల ఒక్కసారి నాలాగా పాడాలి" అన్నాడు. అప్పటికే పొద్దున ఓ గంట తప్ప ఆయన గొంతు నిలబడటం లేదు.

ఈ మాట విన్న అత్తయ్య అసలు లోపం పట్టేసింది. "ఇన్ని రికార్డులు చేశాడు కదా, ఒక్కదానికైనా కొబ్బరికాయ కొట్టారా? మరెలా ఆడతాయి?"

ఆయనకి ఆ తర్కం తెగ నచ్చింది. ఈసారి కొట్టాల్సిందేనన్నాడు.

శనివారం పొద్దున మా గరాజ్‌లో ఏర్పాటు. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకి పరుపులు ఆనించాం, తలుపుకి బొంతలు కట్టాం, సోనా మసూరి బస్తాలు చుట్టూ పేర్చి మధ్యలో మైకు పెట్టాం. శనివారం వస్తే ఈ వీధిలో ప్రతి మగాడికీ గడ్డి కోసే పూనకం వస్తుంది. పది దాటేదాకా మిషన్లు బయటికి తీయొద్దని పెద్దాయన ఇంటింటికీ తిరిగి బతిమాలుకున్నాడు. తొమ్మిదింటికి నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆయన గిటార్ శ్రుతి చేసుకున్నాడు. అత్తయ్య కొబ్బరికాయ, కర్పూరం పట్టుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఆగండాగండి. శనివారం తొమ్మిదింటి నుంచి పదిన్నర దాకా రాహుకాలం. కేలండరు ఇప్పుడే చూశాను."

ఈ విషయంలో అత్తయ్యతో వాదించి గెలిచినవాళ్లు లేరు. మేం కారు కొన్న రోజున షోరూములో తాళాలు ముట్టుకోనివ్వకుండా మమ్మల్ని గంటన్నర కూర్చోబెట్టింది. అది ఇండియా కేలండరు కదమ్మా అని మా ఆయన అంటే, "సూర్యుడెక్కడుంటే రాహువూ అక్కడే. ఇక్కడి గడియారమే లెక్క" అని కొట్టిపారేసింది.

నేను పెద్దాయనకి చెప్పాను. సూర్యుణ్ణి మింగే ఒక తల ఉంటుంది, మొండెం ఉండదు, రోజూ గంటన్నర సేపు దాని డ్యూటీ, ఆ సమయంలో ఏదీ మొదలుపెట్టకూడదు అని.

"నా మొదటి మేనేజరు లాంటివాడన్నమాట" అన్నాడాయన. నవ్వి, ఆగాడు.

ఆగడం ఆయనకి అలవాటే. కానీ ఆగేకొద్దీ గొంతు సవరించుకోవడం ఎక్కువైంది. చివరికి మెల్లగా ఒక చరణం పాడుకుని చూశాడు. ముక్కుతో వచ్చింది, టోపీ వేషం. తల విదిలించి మళ్లీ అందుకున్నాడు. ఈసారి గడ్డం, గొర్రె. మూడోసారి ఇంకేదో వేషం. ఆయన మొహం చూడలేక నేను స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను.

"పదిన్నర దాకా ఆగితే కొంపలేం మునగవుగా" అంది అత్తయ్య.

ఆ మాట ఆయనకి అర్థం కాలేదు, కానీ ఆ గొంతులో ధీమా అర్థమైంది. గిటార్ కింద పెట్టేసి లేచాడు. అప్పుడు ఆయన నోట్లోంచి వచ్చిన ఇంగ్లీషు నేనెప్పుడూ వినలేదు. సగం అక్షరాలు మింగేస్తూ, మిగతా సగం మొహాన కొడుతున్నట్టు ఉంది. దాన్ని తెలుగులో చెప్పాలంటే నా భాషలోనే చెప్పాలి.

"ఏందమ్మా ఇది! బతుకంతా ఆగుమన్నప్పుడల్లా ఆగిన. టోపీ పెట్టుమంటే పెట్టిన, తియ్యుమంటే తీసిన. గొంతు పోయేటప్పుడు గూడ మూర్తం సూడాల్నా?"

అత్తయ్య బిత్తరపోయి నా వైపు తిరిగింది. "ఏమంటున్నాడే?"

నా లోపల ఏదో తెగింది. ఆయన కోపం ఆయనది, నా కోపం నాది. రెండూ ఒకేసారి బయటికొచ్చాయి.

"గొంతు పోతాంది అత్తమ్మా ఆయినది! సోమారం కోస్తరు. ఇయ్యాల పాడకుంటే ఇగ పాడుడే లేదు. పదిన్నర దాక ఆ గొంతు ఉంటదో ఉండదో నీ రాహువుకు ఎరుకనా?"

ఈసారి అత్తయ్య నా యాసకి నవ్వలేదు. "ఆపరేషనంటే బాగవడానికి కదే..." అంది నెమ్మదిగా. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఆయన మెడ వైపు చూసింది, చేతిలో కొబ్బరికాయ వైపు చూసింది.

"ఆ కేలండరు ఎక్కడిది?" అంది.

"విజయవాడది."

"అక్కడిప్పుడెంతయింది?"

"రాత్రి రెండున్నర దాటింది."

"మరింకేం. అక్కడింకా తెల్లారనేలేదు. రాహువు కూడా పడుకునే ఉంటాడు. కానీమను" అని, బయట సిమెంటు మీద ఒక్క దెబ్బకి కొబ్బరికాయ పగలగొట్టింది.

నేను ఎర్ర బటన్ నొక్కాను. ఆయన ఆ తిట్టిన గొంతుతోనే పాట మొదలుపెట్టాడు. అందం గురించి నన్నడగొద్దు. రెండు చోట్ల జీర వచ్చింది, ఒక చోట ఊపిరి చాలలేదు. కానీ గొర్రె లేదు, టోపీ లేదు. బియ్యం బస్తాల మధ్య ఒక మనిషి నిలబడి పాడాడు. నాకు ఏడుపొచ్చింది, చప్పుడు రికార్డవుతుందని చున్నీ నోట్లో కుక్కుకున్నాను. పది కాకముందే మిషను బయటికి తీసిన పక్కింటాయనకి ఎదురుగా అత్తయ్య కొబ్బరిచిప్పతో వీధిలో నిలబడింది. పాట అయ్యేదాకా ఆయన మిషను ముట్టుకోలేదు.

ఇంకోసారి పాడదామనుకున్నాడు. గొంతు రాలేదు.

ఆపరేషన్ అయ్యాక చాలా వారాలు ఆయన మాట్లాడలేదు. చివరికి మిగిలింది గుసగుస మాత్రమే. ఒక మధ్యాహ్నం మా వంటింట్లోకి వచ్చి కూర్చుని, ఆ పాట పెట్టమని సైగ చేశాడు. అత్తయ్య కుక్కర్లో పప్పు పెట్టింది. మా ఇంట్లో ఎవరి ఫోను కోసమూ, ఏ వార్త కోసమూ ఆ కుక్కర్ ఆగిన పాపాన పోలేదు.

ఆయన తల వంచుకుని మొదటి నుంచి చివరి దాకా విన్నాడు.

"ఎవడు వీడు?" అన్నాడు గుసగుసగా. "వీడి రికార్డులు ఇంకేమైనా ఉన్నాయా?"

"లేవు. ఇదొక్కటే" అన్నాను.

"అయితే మళ్లీ పెట్టు."

కుక్కర్ బుసకొడుతోంది. విజిల్ రాబోయే ముందు అత్తయ్య చెయ్యి చాచి స్టవ్ ఆపేసింది. పాట మళ్లీ మొదలైంది. "అందులో వాళ్లమ్మ ఏమని పిలుస్తుందే?" అని నా చెవిలో అడిగింది. చెప్పాను.

పాట అయిపోయాక కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది. దొరగారూ అనలేదు. "రా నాయనా, అన్నం చల్లారిపోతోంది" అంది తెలుగులోనే. తర్జుమా చెయ్యమని ఆయన నన్ను అడగలేదు.

పప్పు పలుకుగా ఉంది. ముగ్గురం తిన్నాం. ఆ మాట ఎవరం అనలేదు.