బిస్కెట్ ఇంటికి బండల మిద్దె

కొత్తకోటల హైవే పక్కన మా నాయినది రేకుల దుకాణం. లారీలోళ్లకు డీజిల్ గరాట్లు, దాబాలోళ్లకు నూనె డబ్బాలు చేసిస్తుండె. ప్లాస్టిక్ ఒచ్చినంక గిరాకీ పడిపోయింది. నెలాఖరుకు దుకాణం ఖాళీ చేస్తనని, సెల్లు కవర్లు అమ్మెటాయనకు నాయిన మాటిచ్చిండంట. ఆ సంగతి తెల్వంగనే నాకు ఒళ్లు మండింది. కత్తెర పట్టుడు, టంకం పెట్టుడు అన్నీ నేను ఆడనే నేర్సుకున్న, నన్నొక్క మాటన్న అడగొద్దా? పోయి కొట్లాడితె, పని తెస్తె ఉంచుత తియ్ అన్నడు. నా నోరు మూయించనీకె అన్నడు గాని, నేను ఆ మాటను గట్టిగ పట్టుకున్న.

వనపర్తిల తెలిసిన అక్క ఒకామె బేకరీ నడుపుతది. బిస్కెట్లతోని ఇండ్లు కట్టి అమ్మాలని ఆమెకు ఆశ. గోడలు, తలుపులు అన్నీ బిస్కెట్లే, చక్కెర పాకంతోని అతికిచ్చుడు. పిండి కోసే అచ్చులు ఆన్‌లైన్‌ల తెప్పిచ్చుకుంటె అన్నీ ఏటవాలు కప్పులే, పైన పొగగొట్టాలు. మన దిక్కు ఇండ్లు గిట్లుంటయా అని అక్క మొఖం మాడ్సుకుంది. మిద్దె, పిట్టగోడ, బయట మెట్లు ఉండెటట్టు అచ్చులు చేస్తవా, ఇల్లు నిలబడితె ఇగ నా పనంత నీకే అన్నది. ఎన్కా ముందు చూడకుండ చేస్త అని ఒప్పుకున్న.

అట్టముక్క మీద ఇల్లు గీసుకొని, రేకును సన్నని పట్టీలు కోసి, వంచి, కొసలకు టంకం పెట్టిన. పిండి కోసే అంచు పదునుగ, చెయ్యి పట్టే అంచు మడతేసి. నాయిన చూసి, బిస్కెట్లకు గూడ మేస్త్రి పనా అని నవ్విండు. నేను అచ్చులు సంచిల ఏసుకొని వనపర్తి బస్సెక్కిన.

గోడలు ముద్దుగ నిలబడ్డయి. మిద్దెనే పరేషాన్ చేసింది. ఇంటికి సరిపడ ఒకటే పెద్ద పలక కోసి పైన పెడితె నడుమ పటుక్కుమని ఇరిగింది. ఇంకోటి కాల్సినం, అదీ ఇరిగింది. మూడోది గోడలను గూడ కూలగొట్టింది. ఆ తునకలన్నీ నేనే తిన్న, ఏడ్పొచ్చింది. నెలాఖరుకు ఇంక నాలుగు రోజులే ఉండె.

ఇంటికొచ్చి బువ్వ ముందల కూసొని మెతుకులు కెలుక్కుంట ఉన్న. ఏమైందని నాయిన అడిగిండు. మిద్దె ఇరుగుతుందని చెప్పిన. ఎట్ల ఏసినవన్నడు. ఒకటే పలక అన్న. నాయిన తినేది ఆపిండు.

"ఒక్క బండతోని మిద్దె ఏసినోడు ఏడున్నడు బిడ్డా?"

నాయిన పుట్టి పెరిగింది తెలకపల్లి దిక్కు బండల మిద్దెల. గోడల మీద అడ్డంగ దూలాలు, దూలం మీదికెల్లి దూలం మీదికి పొట్టి పొట్టి బండలు. గా ఇంట్ల పండుకొని పైకి చూసుకుంట బండలు లెక్కపెట్టెటోడంట. నేను స్లాబు ఇంట్ల పెరిగినదాన్ని, నాకు పైకప్పంటె ఒకటే పలక. నాయిన చెయ్యి కడుక్కొని దుకాణంకు నడిసిండు. దూలంకొక అచ్చు, బండకొక అచ్చు తానే కోసిండు. ఎన్నాళ్లకో ఆ చేతిల కత్తెర చకచక ఆడుతుంటె, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

తెల్లారి నాతోని వనపర్తికి ఒచ్చిండు. కొత్తగ లేపిన గోడల మీద, మందంగ కాల్చిన దూలాలు అడ్డంగ, సన్నంచు కిందికొచ్చేటట్టు పెట్టి, మీద బండలు పేర్సి, సందుల్ల పాకం పోసి ఆరనిచ్చినం. అక్క ముట్టుకోనీకె బుగులుపడ్డది. నాయిన మాత్రం ఆమె తరాజుల కిలో రాయి తీసి మిద్దె నడుమ పెట్టిండు. నేను కండ్లు మూసుకున్న. చప్పుడు రాలే. తెరిసి చూస్తె ఇల్లు ఇల్లే, రాయి రాయే. అక్క చప్పట్లు కొట్టింది. మీద పిట్టగోడ పెట్టి, పక్కన మెట్లు అతికిచ్చి అద్దాల బీరువాల పెట్టింది. మేము బస్సెక్కకముందే ఇద్దరొచ్చి గదే ఇల్లు గావాలన్నరు.

నెలాఖరుకు సెల్లు కవర్లాయన తాళంచెవికి ఒచ్చిండు. నాయిన పీట మీదికెల్లి లేవలే, చేతిల కత్తెర గూడ ఆపలే.

"మాట తప్పుతున్న తమ్మీ, ఏమనుకోకు. నాకు పనున్నది."

పాపం, ఆయనను ఉత్త చేతులతో పంపుడెందుకని, చాయ తాపి, బేకరీకెల్లి తెచ్చిన మిద్దె బండ ఒకటి చేతిల పెట్టిన. కొరుక్కుంట పోయిండు.