జంపఖానా ముక్క మీద మూడు వారాలు

మాది వరంగల్ బజారులో చీరల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక గడప, దానికో పరదా. మా కుక్క భవిష్యత్తు ఆ గడప మీద ఆధారపడి ఉందని తేలిన నెలలోనే నాకు డిగ్రీ పరీక్షలు కూడా వచ్చాయి. నేను రెంటిలో దేనికి ఎక్కువ కష్టపడ్డానో మార్కులు చూస్తే తెలిసిపోతుంది.

ఒక పొద్దున దుకాణం తెరవగానే కుక్క గడప దాటి, తెల్ల దుప్పటి పరిచిన పరుపుల మీదికి దూకి, ఒకామె చూస్తున్న పట్టుచీర అంచులో గోరు ఇరికించింది. పోగు లేచింది, ఆమె కూడా లేచింది. బాపు అరవలేదు. అరిస్తే కొంచెం ధైర్యంగా ఉండేది. చీర మడత పెడుతూనే తీర్పు చెప్పాడు.

"నెల రోజులు చూస్త. అప్పటికీ గడప దాటుడు బంద్ కాకపోతే కేసముద్రం మీ మామ గోదాముకు పంపిస్త. ఆడ అన్నీ గోనె సంచులే. ఎంత గీకినా ఫికర్ లేదు."

మామ గోదాములో ఇదివరకు ఉన్న కుక్కను నేను చూశాను. మెడకు గొలుసు, గొలుసుకు స్తంభం. వడ్ల లారీ వచ్చినప్పుడు నాలుగడుగులు పక్కకు జరగడమే దాని విహారయాత్ర. మా కుక్కేమో రెండేళ్లుగా నా మంచం కింద గురక పెడుతున్న జీవి. గొలుసు చూస్తే అది కూడా తినే వస్తువేనేమో అనుకుంటుంది.

మొదటి వారం ఫోన్‌లో వీడియోలు చూడడంతోనే గడిపి, తర్వాత శిక్షణ మొదలుపెట్టాను. ఆ వీడియోలో గురువుగారికి ఎకరం పచ్చిక, అంతకు మించిన ఓపిక ఉన్నాయి. నాకు వంటింటి ముందు ఎనిమిదడుగుల వరండా ఉంది. కాశిబుగ్గలో నేసిన పాత జంపఖానా ఒకటి చిరిగిపోతే, దాంట్లోంచి ఒక ముక్క కత్తిరించి గడపకు ఇవతల పరిచాను. ఇదే నీ చోటు అని చెప్పాను. "కూసో" అంటే కూర్చోవాలి. కూర్చుంటే చిన్న టోస్టు ముక్క. లేస్తే ఏమీ లేదు, తిట్టు కూడా లేదు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలని, కంచంలోంచి ఏమీ పెట్టొద్దని అమ్మకూ బాపుకూ చెప్పాను. అమ్మ సరేనంది. బాపు నన్ను పైనుంచి కిందికి చూసి, ముందు నువ్వు కంచం ముందు సరిగ్గా కూర్చోవడం నేర్చుకోమన్నాడు.

రెండో వారానికి కుక్క దారికొచ్చింది. సాయంత్రాలు పరదా అవతల చీరలు ఎగిరెగిరి పడుతున్నా జంపఖానా మీద కదలకుండా కూర్చునేది. పొద్దున మాత్రం దొంగ. నేను కాలేజీ బస్సెక్కాక దుకాణం తెరుస్తారు. తెరిచిన కాసేపటికే అమ్మ ఫోన్ వచ్చేది, మళ్లీ దాటిందని. వంటింట్లో ఉంటుంది కాబట్టి ఎలా దాటిందో ఆమెకూ తెలియదు. నేను ముందు అగరుబత్తి పొగను అనుమానించాను, తర్వాత పాలవాడిని, ఆఖరికి కుక్క నిజాయితీని.

నెల గడువులో చివరి ఆదివారం, తొర్రూరు నుంచి ఒక కుటుంబం పెండ్లి బట్టలకు వస్తోందని తెలిసింది. దుకాణం తెరిచే వేళకే వస్తారు, అంటే బోణీ వాళ్లదే. ముందురోజే బాపు మామకు ఫోన్ చేసి, సోమవారం ఇటు వచ్చే ట్రాలీ ఆటోలో ఒక తాడు కూడా పంపమన్నాడు. తాడు ఎందుకని నేను అడగలేదు.

ఆదివారం పొద్దున పరదా వెనక కుక్క పక్కనే గొంతుక్కూర్చున్నాను. తొర్రూరు వాళ్లలో ఒక ముసలామెకు కుక్కలంటే చచ్చేంత భయమట. వచ్చీ రాగానే చెప్పింది. బాపు పరదా వైపు ఒకసారి చూశాడు. చీర తర్వాత చీర విప్పుతున్నాడు. కుక్క చెవులు లేచాయి. నా చెయ్యి దాని వీపుకు అంగుళం పైన ఉంది. పట్టుకుంటే శిక్షణ కాదు కదా. ఆరు చీరలు. పది చీరలు. కుక్క కదల్లేదు. నా కాళ్లు తిమ్మిరెక్కాయి. పరీక్ష దానికా నాకా అన్న అనుమానం వచ్చింది.

చివరికి ముసలామె ఒక చీర ఖాయం చేసింది. బాపు డబ్బు అందుకుని కళ్లకద్దుకుని, గల్లా పెట్టె సొరుగు లాగాడు. ఆ సొరుగు మా తాత కాలంనాటిది, కీచుమంటుంది.

కుక్క నా చేతి కిందనుంచి బాణంలా పోయింది.

నేను పరదా తొలగించేసరికి అది తెల్ల దుప్పటి మీద, బాపు ఎదురుగా, వెన్ను నిటారుగా పెట్టి, నేను నేర్పినదానికన్నా చక్కగా కూర్చుని ఉంది. ముసలామె గోడకు అతుక్కుపోయింది. బాపు చెయ్యి అలవాటుగా సొరుగులోకి వెళ్లి, అలవాటుగా బయటికి వచ్చింది. ఆ చేతిలో బిస్కెట్ ఉంది.

బోణీ వేళ దుకాణం ముందుకు ఎవరొచ్చినా ఒట్టి చేతులతో పంపకూడదన్నది మా తాత పెట్టిన నియమం. మెట్టు దగ్గరికొచ్చే ఆవు కోసం బాపు గల్లాలో బిస్కెట్ పొట్లం ఉంచుతాడు. ఒకరోజు ఆవుకన్నా ముందు మా కుక్క వచ్చింది. అప్పట్నుంచి రోజూ మొదటి కీచుకు దానికో బిస్కెట్, ఆ తర్వాత ఎంత కీచుమన్నా ఏమీ ఉండదని దానికీ తెలుసు. అంతే. అది కుక్కకు తిండి పెట్టడమని బాపుకు ఎప్పుడూ తోచలేదు. బోణీ వేరు, శిక్షణ వేరు.

ముసలామె గోడను వదలకుండానే అంది. "ఏం సేటూ, గంటసేపాయె, మాకు చాయ్ సుత తెప్పియ్యకపోతివి. కుక్కకు బిస్కెటా?"

అమ్మ పరదా దగ్గర నిలబడి అంతా చూసింది. "ఇగ కేసముద్రం ఎవల్ని తోలుదమో ఆలోచించుకో," అని లోపలికి వెళ్లిపోయింది.

బాపు ఆ రోజంతా చీరలు మడత పెడుతూనే ఉన్నాడు. మామకు ఫోన్ చేసి ట్రాలీ వద్దని మాత్రం చెప్పలేదు.

సోమవారం నేను కాలేజీ ఎగ్గొట్టాను. షట్టర్ లేవగానే మెట్టు మీద మామ డ్రైవర్ ఉన్నాడు, చేతిలో తాడుతో. ఆ రోజు దుకాణానికి మొదట వచ్చింది అతనే. అతన్ని ఒట్టి చేతులతో పంపకూడదు. ఆ నియమం నా మెడకే తాడులా తగిలింది. బాపు డ్రైవర్‌ను చూశాడు, పరదా కింద కనిపిస్తున్న మూతిని చూశాడు. తర్వాత అలమారలోంచి ఒక కొత్త తువ్వాల తీసి డ్రైవర్ భుజం మీద వేశాడు.

"ఇది తీస్కపో. కుక్కను పంపుడు లేదని మా బావమరిదికి చెప్పు."

డ్రైవర్ తాడు చుట్టుకుంటూ చాయ్ తాగేదాకా ఉన్నాడు. బాపు సొరుగు కింద అరచెయ్యి పెట్టి, కీచుమనకుండా సగం లాగాడు. బిస్కెట్ తీసుకుని, మోకాళ్లు పట్టుకుని లేచి, గడప దాటి మా వైపు వచ్చాడు.

"కూసో," అన్నాడు గట్టిగా.

అది అప్పటికే కూర్చుని ఉంది. బాపు ఆ సంగతి గమనించనట్టే, ఇంకోసారి అన్నాడు.