కందూరు దారిలో వాకీటాకీ

పిల్లలూ, మొన్నటి కందూరు ఫొటోల్లో నానమ్మ ముఖమెందుకట్లా ఉందని అడిగారు కదా. చెప్తాను.

మన కందూరు మొక్కు మీకు తెలుసు. ఏటా దర్గా దగ్గర మేకను కోసి, అక్కడే వండి నలుగురికీ పెడతాం. కూర ఇంటి పెద్దకోడలే వండాలి. మా అత్తగారు పోయినప్పటి నుంచి గంటె నా చేతిలోనే ఉంది.

సీతాఫల్‌మండి నుంచి రెండు కార్లలో బయలుదేరాం. ముందు కారులో నా తోడికోడలు, అంటే మీ చిన్న నానమ్మ, ఆమె కొడుకు, మీ అత్త. వెనక కారులో నేనూ మీ నాన్నా. ఒకరికొకరం తప్పిపోకుండా మీ నాన్న కారుకొక వాకీటాకీ ఇచ్చాడు. మీట నొక్కితే మాట్లాడాలి, వదిలితే వినాలి. అవతలివాళ్లు నొక్కి ఉంచితే మన మాట పోదు.

“అక్కా, చాయ్‌కి ఆగుదమా? ఓవర్!”

“ఆగు తల్లీ. నీ ఓవర్ సల్లగుండ!”

చాయ్ తాగి మళ్లీ ఎక్కాక ఆమె తన సెట్టును సంచి కింద పెట్టినట్టుంది. మీట నొక్కుకుపోయి, వాళ్ల మాటలన్నీ మా కారులో వినబడసాగాయి.

“అక్క చెయ్యి వణుకుతుందే. పోయినేడు ఉప్పు రెండుసార్లేసింది. చిలకలగూడ వంటాయనకు చెప్పిన, పొద్దుగాల్నే పోయిండు. దర్గా కాడ ఆడోళ్లను వండనిస్తలేరని అక్కకు చెప్తా.”

మీ అత్త నవ్వింది. “అమ్మ నమ్ముతదా, చిన్నమ్మా?”

“నేను చెప్తే నమ్ముతది.”

“నేను వింటున్ననే!” అని మీట ఎంత నొక్కినా నా మాట పోలేదు. ఇంతలో మీ నాన్న చెయ్యి చాచి సౌండు తగ్గించేశాడు.

“ఏందిరా, నీకు సుత ఎరుకేనా?”

“నువ్వు పరేషాన్ అయితవని చెప్పలేదమ్మా” అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

మేం దిగేసరికే పొయ్యి మండుతోంది. మీ చిన్న నానమ్మ ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

“అక్కా, ఈసారి ఆడోళ్లను వండనిస్తలేరట. ఏం జేస్తం?”

కళ్లు దించుకుంటుందేమోనని చూశాను. దించుకోలేదు.

“అట్లనా” అన్నాను.

ఉప్పు సంగతి నిజమే. నాతోనే అని ఉంటే, గంటె నేను పట్టుకుని ఉప్పు ఆమెనే వెయ్యమనేదాన్ని. ఒకే వంటింట్లో నలభై ఏళ్లు మెలిగినవాళ్లం.

చాప మీద చుట్టంలా కూర్చున్నాను. మొదటి విస్తరి నాకే వేసి, కూర తనే వడ్డించింది. తిన్నాను. బాగుంది. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.