అమ్మ కడిగిన కెపాసిటర్లు

కరోనా మొదటి ఏడాది, లాక్‌డౌన్ సడలించాక సూరత్‌లో కొరియర్లు మళ్లీ తిరగడం మొదలైంది. పన్నెండు రోజులు ఎదురుచూస్తే వచ్చిన పార్సిల్‌ను మా అమ్మ విప్పి, వేడినీళ్లలో సర్ఫు వేసి నానబెట్టింది. అందులో నువ్వుగింజకన్నా చిన్న కెపాసిటర్లు, ఒక్కో విలువకు ఒక్కో కాగితపు పట్టీలో వరుసగా పేర్చి ఉంటాయి. పట్టీలు నాని ఊడిపోయాయి. అన్నీ కలిసి బకెట్ అడుగున చేరాయి.

"ఏందమ్మా ఇది! నా కొంప ముంచినవ్ గదనే!"

"బయటికెల్లి అచ్చినదాన్ని కడగొద్దా? ఎవల చేతులు తాకినయో ఏమో!"

రెసిస్టర్లయితే నెత్తిమీద అంకెలుంటాయి. ఈ మాయదారి కెపాసిటర్ల మీద ఏమీ ఉండదు, అన్నీ ఒకటే మట్టిరంగు. తల బాదుకున్నాను.

అవి మా నాయన కోసం తెప్పించినవి. ఆయన కంట్లో శుక్లాలు. కరోనా వల్ల ఆపరేషన్ వాయిదా పడింది. తను నడిపే నాలుగు మరమగ్గాల మీద పోగు తెగినా కనబడక బట్ట పాడవుతోంది. ఇంకో తాను బట్ట చెడితే పనిలోకి రావద్దని కార్ఖానా యజమాని సేఠు చెప్పేశాడు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినదాన్ని, పోగు తెగగానే మగ్గాన్ని ఆపేసే కార్డు నేనే చేస్తానని కూర్చున్నాను.

నాలుగు రోజులు ఒక్కో గింజనూ పట్టకారుతో పట్టి మీటరుతో కొలిచాను. నేను విలువ చెబితే అమ్మ దాన్ని గిన్నెల్లో వేరు చేసింది. మూడో రోజు అమ్మ తుమ్మింది. సగం గింజలు ఎగిరిపోయాయి. వాటిని వెతకాలా, అమ్మకు కరోనా వచ్చిందేమోనని భయపడాలా? ఛీ, ఏం బతుకురా అనిపించింది. మళ్లీ మొదటినుంచి కొలిచాను.

ఎట్లాగో కార్డులు పూర్తిచేసి అమ్రోలిలోని సేఠు కార్ఖానాలో బిగించాను. సేఠు తన చేత్తోనే ఒక పోగు తెంపాడు. మగ్గం టక్కున ఆగింది. నాలుగింటి మీదా చూశాడు, నాలుగూ ఆగాయి.

"అరే వాహ్!" అని, పక్క వరుస కార్మికుణ్ణి పిలిచి ఈ నాలుగు మగ్గాలు కూడా నువ్వే చూసుకో అన్నాడు. తర్వాత మా నాయన భుజం తట్టి, "కాకా, అబ్ ఆప్ ఘర్ పే ఆరామ్ కరో," అని, ఇక ఇంట్లోనే ఉండి విశ్రాంతి తీసుకోమన్నాడు.

ఇంటికి వస్తుంటే ఆటోలో నాయన అన్నాడు, "నీ కార్డు ఒక్క పోగును గూడ ఇడ్వలేదు బిడ్డా. నాకంటే మంచిగ జూస్తుంది."