దూదికి గడి లేని పట్టిక

నగరాల ఫోన్, ఇంటర్నెట్ నెట్‌వర్కులు ఎంత కరెంటు కాలుస్తున్నాయో లెక్కగట్టడం నా ఉద్యోగం. హైదరాబాదైనా, కరీంనగరైనా, ఆదిలాబాదైనా నమూనా ఒకటే. పరికరాలకింత, ఏసీలకింత, బ్యాటరీలకింత అని ముందే ఉంటుంది. మించితే కారణం చూపాలి. ఆ కారణాలు కూడా పట్టికలో ఉన్నవాటిలోంచే ఎంచుకోవాలి. ఊరేదైనా కరెంటు కరెంటే కదా అని కరీంనగర్ ఆఫీసులో కూర్చుని తెగ కోతలు కోసేవాణ్ణి.

ఒకసారి ఆదిలాబాద్ పరికరాల గదిలో ఏసీ లెక్క నమూనాను బాగా దాటింది. చూద్దామని వెళ్లాను. పత్తి సీజను, చుట్టూ పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లులు. గది చూసుకునే టెక్నీషియన్, యాభై దాటిన కాంట్రాక్టు మనిషి, ఏసీ ఫిల్టర్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. దాని నిండా దూది.

"పొద్దుగాల్నే కడిగిన సార్, మల్ల జూడుండ్రి ఎట్లయిందో. గీ దూదికి గాలి ఆడ్తలేదు, గందుకే కరెంటు గుంజుతుంది. జర గీ ముచ్చట రాయుండ్రి."

"రాస్త అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాను.

పట్టికలో దూదికి గడి లేదు. 'ఇతర కారణం' అని పెడితే ఫోటోలు, మళ్లీ కొలతలు, విడిగా నివేదిక. ఇంకో రోజు ఉండాలి. నాకేమో బస్సు తొందర. 'నిర్వహణ లోపం' గడిలో టిక్కు పెట్టాను. నా చెయ్యి పడిపోను! ఒక్క టిక్కుతో ఏమవుతుందిలే అనుకున్నానని ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నాను. అబద్ధం. ఆ గడి మనిషిని వేలెత్తి చూపుతుందని నాకు బాగా తెలుసు.

నెల తిరక్కుండానే కాంట్రాక్టరు అతన్ని తీసేశాడు. తెలిసినా ఫోన్ చెయ్యలేదు. ఏ మొహం పెట్టుకుని చెయ్యను? చివరికి అతనే చేశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సార్, కొత్తగొచ్చినాయనకు జర చెప్పుండ్రి. పత్తి సీజన్ల దినాం రెండుసార్లు ఫిల్టర్ కడగాలె. లేకుంటే మిషన్లు ఖరాబైతయ్."

"చెప్త" అన్నాను.

"నేను పని చేస్తలేనని ఎవలో రాసిండ్రట సార్. మీరైతే ఉన్నదే రాసి ఉంటరు, నాకెరుక. గట్ల రాసింది ఎవలో మీకేమన్న తెలుసునా?"

"తెల్వదన్నా" అన్నాను. అక్కడితో ఊరుకున్నానా, లేదు. "కనుక్కొని చెప్త" అని కూడా అన్నాను.